చల్లటి మూల

రైల్వే హైస్కూల్లో పిల్లలకు చేతిపని నేర్పడానికి కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు బిలాస్‌పుర్ లింగియాడీహ్‌లో ఉన్న మా ఇంటికి వస్తుంటారు. ఏ ప్రాజెక్టు చేయిస్తే పైవాళ్ళకు నచ్చుతుందని అడుగుతారు. ఆ సంగతి నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు. నాకు తెలిసినవి వేరే ఉన్నాయి. నోటితో చెప్పబోతే సగంలో వాళ్ళ ఫోను మోగుతుంది, లేచి వెళ్ళిపోతారు. అందుకని కూర్చుని రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. కాబట్టి నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగానే చదవండి.

షెడ్డులో నేర్చుకున్నది

నా పేరు పైడమ్మ. మా మామగారు పలాస వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పుర్ వచ్చారు. నా భర్త క్యారేజీ షెడ్డులో వడ్రంగి. డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయారు. అలా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి రైల్వే ఉద్యోగం ఇస్తుంది. మా ఇంట్లో ఆ వయసున్నది నేనొక్కదాన్నే. ఆయన పనిచేసిన షెడ్డులోనే, ఆయన బల్ల దగ్గరే నన్ను ఖలాసీగా, మిస్త్రీల చేతికింద మనిషిగా వేశారు.

ఆయన ఉలి పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న గుంట ఉండేది. మొదటి రోజు నా వేలు అందులో కుదరలేదు. రెండేళ్ళు గడిచేసరికి కుదిరింది. గుంట మారిందో, నా వేలు మారిందో చూసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

నాకు పని నేర్పింది బిసాహూ మిస్త్రీ. ఛత్తీస్‌గఢీ మనిషి, తిట్టకుండా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పాత రైలు పెట్టెల్లోంచి విప్పిన బల్లచెక్కలు గోడకు వరసగా నిలబెట్టి, వేలి కణుపుతో ఒక్కొక్కటీ తట్టేవాడు. "దేఖ్ మత్, సున్" అనేవాడు. చూడొద్దు, విను అని. గట్టి చెక్క దెబ్బను తిరిగి ఇచ్చేస్తుంది. లోపల పుచ్చిన చెక్క దెబ్బను ఉంచేసుకుంటుంది. ఒకసారి నేను తట్టకుండా బిగించిన బెర్తు మీద నన్నే పడుకోమన్నాడు. చెక్క విరిగి కింద పడ్డాను. నడుము పట్టేసింది. "నువ్వు చేసినదాని మీద ముందు నువ్వు ఎక్కాలి. తర్వాతే ప్యాసింజరు" అన్నాడు. నాకు ఉద్యోగంలో అందిన పాఠాల్లో పెద్దది అదే.

రైల్వే స్కూల్లో చేతిపని మాస్టారు వెళ్ళిపోయినప్పుడు ఆ పని తెలిసిన మనిషి కావాలన్నారు. మిస్త్రీ నా పేరు చెప్పాడు. చదువు ఎంతవరకు అని అక్కడ అడిగితే, నేను నోరు తెరిచేలోగా "మెట్రిక్ ఫెయిల్" అన్నాడు. నిజానికి నేను బడి గడప తొక్కలేదు. అంకెలు వచ్చు, స్కేలు మీద గీతలు వచ్చు, సంతకం బొమ్మలాగా గీయడం వచ్చు. అక్షరం ఒక్కటి కూడా రాదు. ఆ రోజు నేను కాదని అనలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళపాటు అనలేదు.

ఏం చేయించాలి

థర్మోకోల్‌తో ఏదీ చేయించకండి. ఎగ్జిబిషన్ కోసం రాత్రికి రాత్రి ఇంట్లోవాళ్ళు చేసిపెట్టే గుళ్ళూ, అగ్నిపర్వతాలూ చూసి పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, పెద్దవాళ్ళను ఎలా మోసగించాలన్నది. స్కూల్లో విరిగినవన్నీ ముందు బాగుచేయించండి. మా పిల్లలు బెంచీలు బాగుచేశారు, తలుపుల బందులు మార్చారు, వాచ్‌మన్ కోసం నిచ్చెన చేశారు. నిచ్చెన చేసిన నలుగురినీ వరసగా ముందు దాని మీదికి ఎక్కించాను. మూడో మెట్టు కిర్రుమంటే వాళ్ళే దిగి, నేను చెప్పకుండానే విప్పి మళ్ళీ బిగించారు. వంద మార్కులిచ్చినా రాని బుద్ధి అది.

పనిముట్ల పెట్టె తెరవకముందు పిల్లల్ని లెక్కపెట్టండి. మూసేముందు పనిముట్లను లెక్కపెట్టండి. సీపత్ కరెంటు ప్లాంటు నుంచి వచ్చే ఆఫీసర్ల పిల్లలైనా, ట్రాక్‌మన్ పిల్లలైనా మొదటి వారం అందరూ సుత్తిని పిడి చివర కాక దాని మెడ దగ్గరే పట్టుకుంటారు. ఎవరినీ నవ్వనివ్వకండి.

బాగా చేసినవాళ్ళకు బహుమతి మాత్రం పెట్టకండి. నేను పెట్టాను. అది ఏ బహుమతో ఇప్పుడు చెప్తాను.

ఆ మూల

మా పని గది స్కూలు వెనక వైపు ఉండేది. పాత రోజుల్లో అక్కడ రైలు గార్డుల వంటశాల, దాని పెరడు ఉండేవట. పెరటికి రేకుల కప్పు వేసి, నేలకు నల్ల బండలు పరిచి మాకిచ్చారు. బిలాస్‌పుర్ ఎండ మీకు తెలుసు. ఏప్రిల్లో ఆ రేకుల కింద పిల్లల చెమట చెక్క మీద పడి మచ్చలయ్యేది. కిటికీ పక్క మూల మాత్రం చల్లగా ఉండేది. కాళ్ళు చెప్పుల్లోంచి తీసి బండ మీద పెడితే ప్రాణం లేచొచ్చేది. పిల్లలు దాన్ని ఠండా కోనా అనేవాళ్ళు. అక్కడ కూర్చోవడానికి కొట్టుకునేవాళ్ళు.

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ఆ నెలలో ఎవరి పని బాగుంటే వాళ్ళకు ఆ మూల బెంచీ.

అక్కడ ఎందుకు చల్లగా ఉందని నేను ఒక్క రోజూ ఆలోచించలేదు. ఆ గోడకు తగిలించిన ఉలులు మిగతావాటికంటే ముందు తుప్పు పట్టేవి. గుండ్రటి పెన్సిలు గదిలో ఎక్కడ పడినా దొర్లుకుంటూ అటే వెళ్ళేది. ఆ బెంచీ కాళ్ళ కింద నెలకోసారి చెక్కముక్క పెట్టాల్సి వచ్చేది. ముందు సన్నది, తర్వాత మందంది. చెక్కను తట్టి చూడమని పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన నేను, నా కాళ్ళ కింద నేలను తట్టలేదు.

తొమ్మిదో తరగతిలో ధనలక్ష్మి అనే అమ్మాయి ఉండేది. మనవాళ్ళ పిల్లే. తాతల కాలం నుంచి ట్రాక్ పని వాళ్ళది. తల్లిదండ్రులు మస్తూరీ వైపు పనిలో ఉంటే, నాయనమ్మ సింహాచలమ్మ దగ్గర పెరిగేది. పని మహా శుభ్రంగా చేసేది. వరసగా మూడు నెలలు మూల బెంచీ దానిదే. ఒకరోజు నా దగ్గరకొచ్చి మెల్లిగా అంది.

"మేడమ్, ఆ మూల్లో కింద ఎవరో కొడతన్నారు."

"ఏటి కొడతన్నారు?"

"మేకులు. నేను కొడితే కింద కూడా కొడతన్నారు. సచ్చీ మేడమ్."

"దెయ్యాలకి వడ్రంగం ఎందుకే గుంటా? ఎల్లి పని చూసుకో," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. వేరే బెంచీకి మారతానని అడిగితే, బహుమతి వద్దనకూడదని నేనే మళ్ళీ అక్కడ కూర్చోబెట్టాను.

కాపీలు

ప్రతి విద్యార్థీ ఆ రోజు చేసిన పని ఒక నోటుపుస్తకంలో రాయాలి. మా వైపు దాన్ని కాపీ అంటారు. శనివారం నేను దిద్దాలి. చదవడం రాని మనిషి ఎలా దిద్దింది అంటే, పేజీ వైపు కాసేపు చూసి, తల ఊపి, చివర ఎర్ర ఇంకుతో టిక్ పెట్టేది. బొమ్మ గీసి ఉంటే బొమ్మను నిజంగా చూసేదాన్ని. హాజరు క్లాసు లీడరు చేత పిలిపించేదాన్ని. పనితనం చేతుల్లో కనబడుతుంది, రాత దేనికి అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ధన కాపీలో బొమ్మలు తక్కువ, రాత ఎక్కువ. అన్నిటికీ టిక్ పెట్టాను.

ఎగ్జిబిషన్ ముందు రోజు మధ్యాహ్నం

ఆ ఏడు పిల్లలందరూ కలిసి లైబ్రరీ కోసం సాల్ చెక్కతో పెద్ద అలమరా చేశారు. ఎనిమిది మంది పడితేగానీ కదలదు. ప్రిన్సిపాల్ సార్ వచ్చి చూసి, "పైడమ్మ జీ, తలుపు తియ్యగానే కనబడాలి. ఆ కిటికీ మూలలో పెట్టించండి" అని వెళ్ళారు. ఆయనకు పని కంటే ఎగ్జిబిషన్ ముఖ్యం. నేను ఆయనను మనసులో చాలాసార్లు తిట్టుకున్నాను. ఆ రోజు మాత్రం తిట్టుకోలేదు, అలమరా అక్కడ బాగుంటుందనే అనుకున్నాను.

ఎనిమిది మందిని నిలబెట్టి "పట్టండి" అన్నాను. ధన వచ్చి అలమరాకు అడ్డంగా నిలబడింది.

"ఏటే ధనా? తప్పుకో."

"ఇక్కడ వద్దు మేడమ్."

"ఎందుకొద్దు?"

"నా కాపీలో రాసేను కదా. మీరు టిక్ కూడా పెట్టేరు. టిక్ పెట్టి, మళ్ళీ ఇక్కడే పెట్టమంటారేటి?"

గదంతటికీ ఒక్కసారి ఉత్సాహం వచ్చింది. వెనక నుంచి ఎవరో "మేడమ్ పకడీ గయీ" అన్నారు, మేడమ్ దొరికిపోయింది అని. ధన కాపీ తెరిచి నా చేతిలో పెట్టింది. ముప్పై ఎనిమిది మంది నన్ను చూస్తున్నారు. నల్లటి గీతలు, చివర్లో నా ఎర్ర గీతలు. అంతే కనిపించింది.

"కళ్ళజోడు లేదే. నువ్వే చదువు," అన్నాను.

"కళ్ళజోడు మీ ముక్కు మీదే ఉంది మేడమ్."

నవ్వులు ఎంతసేపటికీ ఆగలేదు. అవి ఆగేదాకా నిలబడి, "చదవమంటే చదువు" అన్నాను.

ధన అదంతా హిందీలో రాసుకుంది. నాకు గుర్తున్నంతవరకు ఇలా చదివింది.

"సోమవారం. రెండు మేకులు కొట్టాను. నేను కొట్టిన తర్వాత కింద కూడా రెండు వినిపించాయి. టిక్."

చివర టిక్ అని కూడా చదివింది. మళ్ళీ నవ్వారు.

"గురువారం. స్టూలు కాలు బిగించాను. కింద చప్పుడు ఈసారి నాతోపాటే వచ్చింది. టిక్.

"శనివారం. పొట్టు ఊడుస్తుంటే బండల సందులోకి జారింది. గుప్పెడు పోసి చూశాను. ఇంకో గుప్పెడు పోశాను. అన్నీ పోయాయి. టిక్.

"మంగళవారం. సుత్తి ఎత్తాను. ఇంకా కొట్టలేదు. కింద ముందే కొట్టారు. టిక్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అలమరా మీద చేతులు వేసి ఉన్న ఎనిమిది మందీ చేతులు తీసేశారు.

నేను చెక్క సుత్తి తీసుకుని గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఒక్కో బండా తట్టుకుంటూ మూల వైపు జరిగాను. మొదటి మూడు వరసలూ దెబ్బను చేతికి తిరిగి ఇచ్చాయి. నాలుగో వరసలో చప్పుడు మారింది. ఐదో వరసలో దెబ్బ కిందికి పోయింది. నేను సుత్తి పైకి ఎత్తేశాక, ఎక్కడో లోతులోంచి తిరిగి వచ్చింది.

"పనిముట్లు వదిలీయండి. గోడ పక్క నుంచి నడవండి. పరిగెట్టొద్దు," అన్నాను. గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను.

ప్రిన్సిపాల్ సార్ వరండాలోకి వచ్చారు. "క్యా హో రహా హై, ఏం జరుగుతోందిక్కడ? పిల్ల ఏదో రాసిందని క్లాసు ఆపేస్తారా పైడమ్మ జీ?"

"పిల్ల రాసిందని కాదు సార్, నేను చదవలేదని. మూడు నెలల నుంచి రాస్తోంది. నాకు చదవడం రాదు."

"అంటే?"

"అక్షరాలు రావు సార్."

"ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ."

ఆయన పిల్లల వైపు చూశారు, నా వైపు చూశారు. ఫోను తీసి ట్రాక్ గ్యాంగును పిలిపించారు. తర్వాత కూడా నా మీద ఎక్కడా ఏమీ రాయలేదు. ఆయన గురించి ఈ మాట కూడా చెప్పాలి కదా.

గ్యాంగువాళ్ళు గోడ వైపు నుంచి ఒక బండ లేపారు. కింద రెండు పాత పట్టాలు, వాటి మీద అడ్డంగా చెక్క స్లీపర్లు. గడ్డపార మోపగానే స్లీపరులోకి తడిసిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది. చల్లటి గాలి మొహాలకు కొట్టింది. దాని కింద బావి. ఒకతను కంకర రాయి వదిలాడు. అందరం చెవులు పెట్టి నిలబడ్డాం. పడిన చప్పుడు రాలేదు. తాడు దించి చూస్తే అడుగున మెత్తటి బురద ఉందన్నారు, అందుకే వినపడలేదన్నారు. అలాగే అయ్యుంటుంది. ఆ స్లీపర్ల మీద నా బహుమతి బెంచీ ఎన్నేళ్ళు ఉందో అక్కడే వేళ్ళ మీద లెక్క వేసుకున్నాను.

సింహాచలమ్మ ఇంట్లో

ఆదివారం పొద్దున్న ధన వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. సింహాచలమ్మ గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"రా పైడీ, కూకో. మా గుంట నీ పరువు తీసీసిందట గదా."

"తీసింది అత్తా. మంచి పనే చేసింది," అని ధన వైపు తిరిగాను. "నాకు చదువు రాదని నీకు ఎప్పటి నుంచి తెలుసే?"

"ఫస్ట్ మంత్ నుంచే మేడమ్. ఒకసారి పొరపాటున హిస్టరీ కాపీ ఇచ్చేను. దానికీ టిక్ పెట్టేరు."

సింహాచలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే మీ డ్యూటీ పోద్ది కదా."

"చదవలేనని తెలిసి ఎందుకు రాసావు?"

"నోటితో చెప్తే నవ్వేరు. రాస్తే టిక్ వస్తాది. టిక్ చూసుకుంటే ఆ రోజుకి భయం తగ్గేది."

నేను ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలిచాను. తర్వాత అడిగాను. "అందరి ముందూ ఎందుకన్నావు మరి?"

"ఇంకేం చెప్పినా మీరు ఆగరు మేడమ్. సిగ్గుతోనైనా ఆగుతారనుకున్నాను."

సింహాచలమ్మ అప్పటికి నవ్వడం మానేసింది. "ఏ గదది పైడీ? ఎనకాతల, గార్డుల వంటశాల కాడిదా?"

"అవునత్తా."

"ఓలమ్మ! ఆ బావి మా మావోళ్ళ గ్యాంగే మూసినారు. పూడ్సీమని ఆఫీసరు సెప్పినాడు. బావి పూడిస్తే వంశం నిలవదని మనోళ్ళెవులూ తట్ట మన్ను ఎయ్యలేదు. పట్టాలేసి, స్లీపర్లు పరిసీసి, పైన బండలేసీసి, పూడ్సీనామని సెప్పీసినారు."

"నీకు తెలిసీ ఊరుకున్నావా?"

"దాని మీద బడి గది ఏసినారని నాకేటి తెలుసు? నానెప్పుడైనా ఆ గేటు లోపలికి ఎల్లినానా?" ఆవిడ ఒలిచే చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడేటి సేస్తారట?"

"పూడ్చేస్తారట."

ఆవిడ మళ్ళీ కాయ ఒకటి అందుకుని, "నువ్వు మాత్రం మన్ను ఎయ్యకు," అంది.

పూడ్చిన తర్వాత

బావిలో రాళ్ళూ మట్టీ నింపారు. పైన సిమెంటు వేశారు. ఇంజనీరు వచ్చి గది వాడుకోవచ్చని చెప్పాడు. ఆ నెలల్లోనే నేను చదువు మొదలుపెట్టాను. హిందీ అక్షరాలు ధన నేర్పింది, భోజనం బెల్లులో. తెలుగు తర్వాత కాలనీలో ఒక పంతులమ్మ దగ్గర నేర్చుకున్నాను. ధన కోప్పడే టీచరు. తప్పు రాస్తే "ఫిర్ సే", మళ్ళీ రాయి, అని పలక తుడిచేసేది. నేను తనతో అలాగే అనేదాన్నట.

గది తిరిగి ఇచ్చిన రోజు ధన మూలలో బోర్లా పడుకుని చెవి పెట్టింది. లేచి, "ఏం లేదు మేడమ్" అంది. చుట్టూ పిల్లల ముఖాలు విప్పారాయి. పిల్లలందరూ అన్నం తినడానికి వెళ్ళారు. ఎండ కిటికీలోంచి మూల దాకా పడుతోంది. నేను ఒక్కదాన్నే చెక్క సుత్తి పట్టుకుని వెళ్ళాను. మిస్త్రీ చెప్పినట్టు, పిల్లల కంటే ముందు నేను నిలబడాలి కదా.

సుత్తి ఎత్తాను. దించలేదు.

కింద ఒక్కసారి కొట్టారు.

నేను సుత్తిని మెల్లిగా గోడకు ఆనించి పెట్టి బయటికి వచ్చాను. ఆ గంటలోనే ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పాను. ఇంజనీరు మళ్ళీ వచ్చాడు, అంతటా కొట్టి చూశాడు, గట్టిగా ఉందన్నాడు. నేను కొట్టినా గట్టిగానే పలికింది. షెడ్డు మోతల్లో చెవులు పాడైపోయి ఉంటాయని జాలిపడ్డారు. అయ్యుండొచ్చు. నా మాట నిజమని ఇక్కడ నేను వాదించడం లేదు. పిల్లల్ని మాత్రం ఆ గదిలోకి తీసుకెళ్ళలేదు. రిటైరయ్యేదాకా వరండాలోనే పని చేయించాను, వానాకాలంలో తడుస్తూ. పిరికిదన్నారు. ఆ గదిలో పాత కుర్చీలు పెట్టి తాళం వేశారు. ధన స్కూలు ముగించే రోజు నన్ను అడిగింది, "ఆ రోజు మీకేం వినపడింది?" అని. చెప్పాను. నవ్వలేదు. "మూలలో చెవి పెట్టినప్పుడు నాకూ వినపడిందని చెప్పాల్సింది మేడమ్. ఆ రోజు అందరూ సంతోషంగా ఉన్నారు, అందుకని లేదన్నాను," అంది.

ఈ ఏడు చేతిపని క్లాసులు పెంచుతున్నారని, తాళం తీసి ఆ గదికి రంగు వేస్తున్నారని విన్నాను. మీలో ఎవరికో దాన్ని ఇస్తారు. తీసుకోనని మీరనలేరు, కొత్త ఉద్యోగం. కానీ బెంచీలు వేయకముందు, ఒక మధ్యాహ్నం నాకు కబురు చేయండి. మా ఇంటి నుంచి ఆటోలో వచ్చేస్తాను. మీరు గుమ్మంలో ఉండండి, నేను మూలలో నిలబడతాను. ఇద్దరం ఏమీ కొట్టకుండా కాసేపు విందాం. పిల్లలను పిలవాలో వద్దో అప్పుడు చూద్దాం.